కుడి కంటిపాప కొలత

ఆ శనివారం పొద్దున్న చర్చి పక్క హాల్లో ఉన్నవాళ్ళం: సైన్యంలో మేజర్ హోదా ఉన్న డాక్టరు ఒకరు, ఆవిడతో వచ్చిన టెక్నీషియన్ ఒకడు, నేను, వరిచేలల్లో పురుగుమందు కొట్టేవాళ్ళు ఇరవై మంది, ఆ మందు జోలికి ఎప్పుడూ పోనివాళ్ళు పందొమ్మిది మంది. ఉన్న వస్తువులు: మడత బల్లలు మూడు, వేలి కొసనుంచి తీసిన రక్తపు చుక్కను చదివే అరచేతంత మీటరు, ఐసుపెట్టె, సూదులు పడేసే పసుపు డబ్బా, చిన్న టార్చిలైటు, కంటిపాప కొలిచే కార్డు, ఒక మూల నల్ల దుప్పట్లు కట్టి చేసిన చీకటి గది, గోడమీద పాత పెళ్ళి తాలూకు థర్మోకోల్ అక్షరాలు కొన్ని. లేనిది ఒక్కటే, ఇరవయ్యో మనిషి. వస్తానన్న స్కూలు మాస్టారిని ముందురోజు సాయంత్రమే అమలాపురంలో ఏదో ట్రైనింగుకి పిలిచేశారు.

నేను కాకినాడలో బయోకెమిస్ట్రీ చదివి, ఉత్తరాదిన సైన్యానికి చెందిన ఒక వైద్య పరిశోధనశాలలో ప్రాజెక్టు అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. యుద్ధంలో విషవాయువు పడితే సైనికుడి ఒంట్లో ఏం జరుగుతుంది, ఎంత త్వరగా కనిపెట్టవచ్చు, ఏ మందు ఇవ్వాలి అన్నవి మా ప్రశ్నలు. అంత పెద్ద ప్రశ్నలు పట్టుకుని రాజోలు ఎందుకు వచ్చారని ఊళ్ళో అందరూ అడిగారు. కారణం చిన్నది. యుద్ధాల్లో వాడే నరాల విషాలూ, మా చేలల్లో వరిని తినే సుడిదోమ మీద కొట్టే కొన్ని మందులూ ఒకే ఇంటిపేరున్న రసాయనాలు. బలంలో ఏనుగుకీ ఎలుకకీ ఉన్నంత తేడా ఉంది కానీ, పనిచేసే తీరు ఒకటే. విషం ఇచ్చి చూద్దామంటే ఏ సైనికుడి మీదా చూడలేం, చూడకూడదు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఆ ఎలుక కాటు తింటున్నవాళ్ళు మాత్రం చేలల్లో ఉన్నారు. వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ రక్తం చూడొచ్చు.

ఆ పనిచేసే తీరు మావాళ్ళకి చెప్పడానికి నాకు కాలవలు పనికొచ్చాయి. లాకు దగ్గరికి కబురు వస్తుంది, తలుపు లేస్తుంది, నీరు పారుతుంది. పారాల్సింది పారాక లస్కరు వచ్చి తలుపు దించాలి. నరానికీ కండరానికీ మధ్య జరిగేదీ ఇదే. అక్కడ లస్కరు పని చేసే ఎంజైము పేరు కొలినెస్టరేజ్. ఈ విషాలు తలుపు జోలికి పోవు. లస్కరు చేతులు కట్టేస్తాయి. ఇక తలుపు దిగదు. కన్నీరు, చొంగ, చెమట ఆగవు, కండరాలు అదురుతాయి, మోతాదు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. అన్నిటికంటే ముందు కంటిపాప ముడుచుకుపోయి ఆవగింజంత అవుతుంది. మా మీటరు రక్తంలో చేతులు ఖాళీగా ఉన్న లస్కర్లు ఎందరో లెక్కపెడుతుంది. మా కార్డు కంటిపాపను కొలుస్తుంది. అంతే.

ఏసీ గదిలో చక్కగా పనిచేసిన మీటరు కోనసీమ ఉక్కకి మొదటి గంటలోనే అద్దం మీద ఆవిరి పట్టి మొరాయించింది. పక్కవీధి బ్యూటీపార్లరు నుంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, ప్రతి మనిషికీ ముందు దానికి వేడిగాలి కొట్టాం. మందు కొట్టేవాళ్ళకి అది పెద్ద వేడుక.

"మిషనుకే పెళ్ళికూతురి సింగారం చేస్తన్నారండీ, మనకి కాఫీ అయినా లేదు."

"రక్తం బాగుంటే బోర్డరుకి తీసుకుపోతారంట్రా."

"నీ రక్తవా? నీ రక్తం చూస్తే బోర్డరే వెనక్కి జరుగుద్ది."

ఆ నవ్వుల మధ్య హాలు వెనకనుంచి మా మావయ్య వచ్చాడు. మా అమ్మ తమ్ముడు. రాజోలు రోడ్డు మీద స్ప్రేయర్లు, మోటార్లు బాగుచేసే షాపు ఆయనది. కరెంటు పోతుందేమోనని హాలుకి జనరేటర్ తెచ్చి పెట్టి, చేతులు తుడుచుకుంటూ ఖాళీ కుర్చీ చూశాడు.

"ఎవరు తక్కువయ్యేరేంట్రా?"

"మాస్టారు రాలేదు మావయ్యా. మందు ముట్టని మనిషి ఒకరు కావాలి."

"మరి నేనున్నాను కదా. నా రక్తం పనికిరాదేంటి?"

డాక్టరు మేడం తలెత్తి చూశారు. ఆవిడది అనంతపురం వైపు. మాట సూటిగా ఉంటుంది. "మీరు స్ప్రేయర్లు బాగుచేస్తారంటున్నాడు మీ మేనల్లుడు. మందు ముట్టనివారు ఎలా అవుతారు?"

మావయ్యకి ఈ ప్రశ్న ఎవరు వేసినా పండగే. "ఆయ్, చెప్తానండి. మూడుసార్లు సబ్బునీళ్ళతో కడిగి ఎండబెట్టి తెస్తేనే మిషను షాపు మెట్టు ఎక్కుద్దండి. గ్లౌజులు లేకుండా నట్టు కూడా తిప్పనండి. నాజిల్ పూడుకుపోతే మిగతా మెకానిక్కులు నోటితో ఊదుతారండి, నేను ఊదనండి. సైకిలు పంపు కొడతానండి. కావలిస్తే ఈ జనాన్ని అడగండి, నన్ను మడిశాస్త్రి అంటారు."

"అంటామండీ," అన్నారు ఇద్దరు ముగ్గురు. "ఓసారి నా మిషను కడగలేదని వెనక్కి పంపేసేడండీ. కూతుర్నిచ్చినా తీసుకోడండీ, కడిగివ్వాలి."

మేడం నవ్వి, రక్తం చూద్దాం, లెక్కలో చేర్చాలో లేదో తర్వాత అన్నారు. చూశాం. మావయ్య లస్కర్లు దిట్టంగా ఉన్నారు. మందు ముట్టని పందొమ్మిది మందిలో సగం మంది కంటే ఆయన అంకే ఎక్కువ. ఆయన ముఖం చూడాలి అప్పుడు.

నేను మాత్రం తర్వాతి బల్ల వైపు చూస్తున్నాను, కార్డు ఉన్న బల్ల వైపు. ఎందుకంటే అత్తయ్య నాకు ముందే ఫోనులో చెప్పింది, మావయ్యకి తెలియకుండా. రెండు నెలలుగా ఆయనకి కుడి కంటి ముందు మసకగా ఉంటోంది. సాయంత్రమైతే కనుబొమ్మ మీద పోటు. అమలాపురంలో కంటి డాక్టరుకి చూపిస్తే శుక్లం పొర లేదు, లోపలి రెటీనా బాగుంది, కానీ రెండు పాపలూ సమానంగా లేవు అన్నారట. ఇలాంటిది ఒక్కోసారి తలలోంచి వస్తుంది, కాకినాడ వెళ్ళి స్కాన్ తీయించండి అని రాసిచ్చారట. స్కానుకి వచ్చే బుధవారం కాక ఆ పై బుధవారం తేదీ దొరికింది. 'తలలోంచి' అన్న మాట దగ్గరే అత్తయ్య ఆగిపోయింది. వాళ్ళ పెదనాన్నకి తలలో గడ్డ ఇలాగే కంటి దగ్గర మొదలైందట. దానికి తోడు మావయ్యకి చిన్నప్పటినుంచీ ఎడమ కంటి చూపు మందం. చదువు, షాపులో పని, బండి నడపడం, అన్నీ ఆ కుడి కన్నే.

మేడం వెలుతురులో కార్డు పెట్టి చూశారు. ఎడమ పాప మూడు మిల్లీమీటర్లు, కుడి పాప ఒకటిన్నర. మావయ్యని నల్ల దుప్పట్ల వెనక కూర్చోబెట్టి, చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా ఆగి, మసక వెలుతురులో మళ్ళీ కొలిచారు. ఎడమది అయిదుకి విచ్చుకుంది. కుడిది రెండు దగ్గరే ఆగిపోయింది.

బయటికి వచ్చాక నన్ను పక్కకి పిలిచారు. అత్తయ్య ఫోనులో చెప్పినదంతా ఆవిడకి చెప్పాను.

"చీకట్లో తేడా పెరిగింది. అంటే?"

"చిన్నగా ఉన్న పాపే విచ్చుకోలేకపోతోంది. లోపం కుడి కంటిదే."

"ఊ. ఇలాంటి కన్ను నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను. ట్రైనింగులో. ల్యాబులో విషవాయువులతో పనిచేసే ఒకాయన, ముఖానికి మాస్కు. బుగ్గ మీద పాత గాయం మచ్చ ఉండేది. ఆ మచ్చ దగ్గర రబ్బరు సరిగా అంటుకోలేదు. ఆ పక్క కన్ను ఒక్కటే ఇలా అయింది. రక్తం మామూలే. మనిషి మామూలే. కన్ను మాత్రం సూదిబెజ్జం." ఆవిడ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నారు. "గాలిలో వస్తే రెండు కళ్ళూ ముడుచుకుంటాయి. కడుపులోకి పోతే రక్తంలో తెలుస్తుంది. ఒక్క కన్నే అయితే ఏదో దాన్ని నేరుగా తాకుతోంది. లేదా ఇది మన సంగతే కాదు, అమలాపురం డాక్టరు అన్నదే నిజం. స్కాను మాత్రం మానొద్దు."

"తాకడమంటే? ఆయన గ్లౌజులు..."

"ఒక మనిషి కుడి కంటితో చేసి, ఎడమ కంటితో చేయని పని ఏమిటి? అది కనుక్కో. మేము రేపటినుంచి రామచంద్రపురం, మండపేట క్యాంపులు చూసుకుని పై మంగళవారానికి తిరిగొస్తాం. నువ్వు ఇక్కడే ఉండు. వాళ్ళింట్లో మనిషివి." కార్డు ఒకటి నా చేతిలో పెట్టి, మావయ్య రెప్ప అంచుని దూదితో తుడిచి సీసాలో వేశారు. ఆ సీసా మా ల్యాబుకి చేరి జవాబు చెప్పేసరికి వారాలు పడుతుంది. ఆ లోపల స్కాను వచ్చేస్తుంది.

ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. భయం అత్తయ్యది, కన్ను మావయ్యది, నాకు మాత్రం ముందు ఆ ప్రశ్నే కనిపించిందని చెప్పాలి. రాత్రి పడుకునే ముందు నా ఊహలు వరసగా రాసుకున్నాను. కుడి పక్కకి తిరిగి పడుకుంటాడా, దిండుకి ఏమైనా ఉందా. కుడి చేతి మణికట్టుతో చెమట తుడుచుకుంటాడా, గ్లౌజు అంచు తగులుతోందా. హెల్మెట్ లోపలి స్పాంజి. పౌడరు, తలకి నూనె, ఎవరైనా చెప్పిన ఆకు పసరు. ఫోను కుడి చెవికి పెడతాడు, గ్లౌజుతో పట్టుకున్న ఫోను.

మర్నాడు ఆదివారం భోజనానికి వాళ్ళింటికే వెళ్ళాను. అత్తయ్య చేపల పులుసు వడ్డిస్తుంటే నేను దిండు గలేబుల గురించి అడుగుతున్నాను.

"గలేబులు నేనే ఉతుకుతాను నాయనా, వారానికోసారి. ఏం, మీ మిలిటరీవోళ్ళు దుప్పట్లు కూడా చూస్తారా?"

"పసరేమైనా వేశావా అత్తయ్యా, కంట్లో?"

"నేనెయ్యలేదు. మీ మావయ్య ఏసుకుంటే నాకు చెప్తారా? ఏవండీ, ఏమైనా పోసుకున్నారా?"

"ముందు పులుసు పొయ్యవే," అన్నాడు మావయ్య. "అల్లుడు మెడికల్ పరీక్ష రాస్తన్నాడు. అడగనియ్."

హెల్మెట్ చూశాను. శుభ్రంగా ఉంది. పడక ఎడమ పక్కకి తిరిగి. ఫోను షాపులో స్పీకరులో పెట్టి మాట్లాడతాడు. నా వరసలో ఒక్కోటీ కొట్టేస్తూ పోతుంటే, చారు దగ్గర అత్తయ్య ఒక మాట అంది.

"పోయిన నెల మా చెల్లెలింటికి మండపేట వెళ్ళేం కదా, వారం రోజులు. అక్కడ ఉన్నన్నాళ్ళూ కన్ను బావుందన్నారు. పోటు కూడా రాలేదు. ఇక్కడి నీళ్ళే పడట్లేదని నేను అప్పుడే అన్నాను."

తలలో గడ్డకి మండపేట వెళితే తగ్గే అలవాటు ఉండదు. ఆ మాట పైకి అనలేదు. అంటే అత్తయ్య ఆశ పెట్టుకుంటుంది, నాకింకా ఏమీ తెలియదు. రేపు షాపుకి వస్తానని మాత్రం అన్నాను.

"రా. వచ్చి ఊరికే కూచోకు, రెండు నట్లు విప్పు," అన్నాడు మావయ్య.

సోమవారం పొద్దున్నే వెళ్ళి, షాపు ముందు బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాను. సుడిదోమ రోజులు. రైతులు మిషన్లు మోపెడ్ల వెనక కట్టుకుని వస్తూనే ఉన్నారు. మావయ్య చెప్పినదంతా నిజమే. ఒకాయన మిషను తెస్తే దాన్ని ముట్టుకోకుండా ముక్కుతో మాత్రం వాసన చూసి, "రెండుసార్లే కడిగేవు," అన్నాడు.

"మూడుసార్లండీ బాబూ, నా పెళ్ళాం మీద ఒట్టు."

"ఆవిడ మీద ఒట్టేసేవంటే ఒక్కసారే కడిగేవు. పో, కుళాయి అక్కడుంది."

ఆయన మళ్ళీ కడిగి తెచ్చాక మావయ్య గ్లౌజులు తొడుక్కున్నాడు. విప్పిన భాగాలు ట్రేలో వేశాడు. నాజిల్ బెజ్జంలో కొబ్బరి ఈనె పెట్టి తిప్పాడు, సైకిలు పంపుతో గాలి కొట్టాడు. బిగించాడు. చెమట భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు, రెండు కళ్ళూ ఒకే తువ్వాలుతో. నేను అన్నీ రాసుకుంటున్నాను. రెండు మిషన్లు అయ్యాయి, మూడోది అయింది, కుడి కంటి సొంత పని ఒక్కటి కూడా నాకు దొరకలేదు. టీ తాగాం. వాన వచ్చి తగ్గింది. మరో రెండు అయ్యాయి.

ఆరో మిషనుకి పొడుగు గొట్టం పూడుకుపోయింది. మావయ్య దాన్ని విప్పి, ఈనె దూర్చి, పంపు కొట్టి, రోడ్డు వైపు తిరిగి ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు. ఎడమ కన్ను మూసి, కింది కొస కుడి కంటికి ఆనించి, లోపలికి చూశాడు. తర్వాత రెప్ప రెండుసార్లు కొట్టి, చొక్కా చేతితో తుడుచుకుని, గొట్టం బిగించడం మొదలుపెట్టాడు.

నా కళ్ళ ముందు ఇది ఆరోసారి. అయిదుసార్లు చూస్తూ కూడా రాసుకోలేదు. మెకానిక్ బెజ్జంలోకి చూడటం ఒక పని అని నాకు తట్టలేదు, ఆయన ఊపిరి పీల్చాడని రాసుకోనట్టే.

"మావయ్యా, ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?"

"గొట్టం కంట్లో పెట్టుకున్నావు."

"పెట్టుకోలేదు. చూశాను."

"ఆనించి చూశావు."

"ఆనించకపోతే వెలుతురు పక్కనుంచి వచ్చేస్తది. అవతల ఆకాశం గుండ్రంగా కనపడాలి. కనపడితే బాగున్నట్టు. మా గురువు అలాగే చూసేవాడు, ఆయన గురువూ అలాగే. కుడి కన్నుతోనే చూడాలి, ఎడమది నాకెలాగూ పనికిరాదు." అంటూనే ఆయనకి నా ముఖం కనిపించింది. "ఒరేయ్, అది కడిగిన గొట్టం!"

"కడిగింది ట్యాంకు. గొట్టం కాదు."

అక్కడ మాత్రం ఆయన చేయి ఆగింది. చెప్పడానికి నాకు ఎక్కువ మాటలు అక్కర్లేదు, ఈ మిషన్ల గురించి ఆయనకి తెలియనిది ఏముంది. ట్యాంకులో సబ్బునీళ్ళు పోసి కుదిపి, మూతలోంచే ఒంపేస్తారు. గొట్టం లోపల కడగాలంటే ఆ నీళ్ళని పంపు కొట్టి నాజిల్ గుండా బయటికి పంపాలి. పంపు పనిచేస్తే ఆ మిషను షాపుకి ఎందుకు వస్తుంది? చెడిపోయి వచ్చిన ప్రతి మిషను గొట్టంలోనూ ఆఖరిసారి కొట్టిన మందు మిగిలే ఉంటుంది. గాలి కొడితే చాలా భాగం పోతుంది. గోడకి అంటుకున్నది, పైకెత్తినప్పుడు కిందికి జారుతుంది. రోజుకి పది మిషన్లు, పది చుక్కలు, ఒకే కన్ను.

నేను ఆయన చేతిలోని గొట్టం తీసుకుని, తెల్ల కాగితం మీద నిలబెట్టి, కాసేపు ఆగి ఎత్తాను. కాగితం మీద తడి మరక పడింది, పెసరగింజంత. మావయ్య వంగి వాసన చూశాడు.

"మోనో," అన్నాడు నెమ్మదిగా. దోమ మీద కొట్టే మందు, మా విషాల ఇంటిపేరున్నదే. తర్వాత, "చేతులకి గ్లౌజులేసుకున్నాను, నోటికి బదులు పంపు పెట్టుకున్నాను. కంటికేం పెట్టుకోవాలో ఎవడూ చెప్పలేదు."

మేడంకి ఫోను చేశాను. ఆవిడ అంతా విని, గొట్టం ఏ పొడుగు, ఏ మందు, రోజుకి ఎన్నిసార్లు అని అడిగి, "కుదురుతోంది. కానీ కుదిరింది కదా అని నిజం కాదు. ఆపు. కళ్ళు కొలువు. తగ్గితే నమ్ముతాను. స్కాను తేదీ అలాగే ఉండనివ్వు," అన్నారు.

ఆ మధ్యాహ్నమే రాజోలులో వెల్డింగు సామాన్ల షాపులో తెల్ల అద్దాల రక్షణ కళ్ళజోడు దొరికింది. ఆ రోజునుంచి మధ్యాహ్నం షట్టరు దించి, గోడౌన్ చీకట్లో ఆయన్ని కూర్చోబెట్టి కొలిచేవాణ్ణి. ఎడమది అయిదు, కదల్లేదు. కుడిది రెండునుంచి రెండున్నరకి, బుధవారానికి మూడున్నరకి వచ్చింది. పోటు తగ్గిందని మావయ్యే అన్నాడు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

గురువారం కుడిది మళ్ళీ రెండు.

కార్డు తిప్పి పెట్టి చూశాను. టార్చి మార్చాను. రెండే. గొట్టాలు ఆపినా ముడుచుకుందంటే కారణం గొట్టాలు కాదు. మిగిలేది అత్తయ్య ఆగిపోయిన ఆ 'తలలోంచి' అన్న మాటే. సరిగ్గా అప్పుడే క్యారేజీ తీసుకుని అత్తయ్య వచ్చింది. షట్టరు కింద వంగి లోపలికి వస్తూ నా ముఖం చూసి నిలబడిపోయింది.

"ఎంత?"

"రెండు."

ఆవిడ క్యారేజీ కింద పెట్టింది. మావయ్య వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేనైతే కన్నే చూశాను, ఆవిడ మనిషిని చూసింది.

"కళ్ళజోడు నుదుటి మీద గుర్తు పడిందేంటండీ?"

మావయ్య చెయ్యి నుదుటి మీదికి పోయింది.

"ముక్కు మీద పడాలి గదా గుర్తు. నుదుటి మీద ఎందుకు పడింది? పైకెత్తి చూస్తన్నారా?"

"అద్దాల్లోంచి సరిగా కనపడట్లేదే..."

"ఎన్ని?"

"నిన్న సాయంత్రం రెండు. ఇవాళ పొద్దున్న మూడు. ఐదేనే. రైతు నిలబడి ఉన్నాడు, చేలో దోమ తినేస్తంది..."

"దోమ చేను తింటంది, మీరు నా ప్రాణం తింటన్నారు. వెధవ బెజ్జం చూడకపోతే ఏంటండీ, అందులో స్వర్గం కనపడతందా?"

నాకు మాత్రం నవ్వొచ్చేసింది. ఆపుకోలేకపోయాను. అత్తయ్య నా వైపు కూడా తిరిగింది, కారణం చెప్పాల్సి వచ్చింది. ఆపితే తగ్గింది, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ వచ్చింది. ఇంత గట్టి రుజువు కోసం మేము ఏ మనిషి మీదా ఇలాంటి ప్రయోగం చేయలేం. ఆ సాయంత్రం మేడంకి చెబితే ఆవిడ కూడా నవ్వారు. "ఈ ప్రయోగం రాసుకుని ఎథిక్స్ కమిటీ ముందుకి వెళితే నన్ను గేటు బయటికి గెంటేవాళ్ళు. మీ మావయ్య సొంతంగా చేసేశాడు. ఇక చేయొద్దని చెప్పు."

చేయకుండా ఉండటానికి ఆయనకి కళ్ళజోడు చాలదని అప్పటికి నాకు అర్థమైంది. ఆయనకి ఆ గుండ్రటి ఆకాశం కనపడి తీరాలి. నీళ్ళు కొట్టి సిమెంటు మీద ధార చూడమంటే, ధారలో బెజ్జం అంచు తెలియదన్నాడు. అది నిజమే. చివరికి నా పాత ఫోను ఒకటి ఇచ్చాను. గొట్టం కొస ఫోను కెమెరాకి ఆనించి, తెర మీద చూడాలి. మొదట ఏవగించుకున్నాడు. తర్వాత తెర మీద రెండు వేళ్ళు విప్పి బెజ్జాన్ని బొప్పాయంత చేసి చూసి, అంచున అంటుకున్న సున్నపు పొలుసు కనిపెట్టి, "ఓర్నీ, ఇన్నాళ్ళూ ఇది కనపడలేదురా," అన్నాడు. కెమెరా అద్దాన్ని ప్రతిసారీ సబ్బునీళ్ళ గుడ్డతో మూడుసార్లు తుడుస్తున్నాడు. అత్తయ్య దాన్ని చూసి, "దాని కన్ను పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు," అంది.

శుక్రవారం రెండున్నర. శనివారం మూడున్నర. ఆదివారం ఆయన షాపు తెరవలేదు, నేను కొలవలేదు. సోమవారం వాన, షట్టరు సందులోంచి మెరుపులు, కొలత నమ్మకంగా రాలేదు. కాకినాడ వెళ్ళడానికి అత్తయ్య పాత రిపోర్టులన్నీ సంచిలో సర్దేసింది. గొట్టం సంగతి ఆవిడ నమ్మలేదని కాదు. నమ్మి, తప్పయితే ఎలా అన్నది ఆవిడ భయం. గొట్టం నిజమైనా, తలలో ఇంకోటి కూడా ఉండకూడదని ఎక్కడుంది అని అడిగింది నన్ను.

మంగళవారం మేడం మండపేటనుంచి తిన్నగా షాపుకే వచ్చారు. మావయ్య కుర్చీ తుడిచి వేశాడు, ఆవిడ కూర్చోలేదు. గొట్టం, ఈనె, పంపు అన్నీ చూశారు, ఫోను తెర మీద బెజ్జం కూడా చూశారు. మీ రక్తం లెక్కలో చేర్చడం లేదు, ఏమీ అనుకోకండి అన్నారు.

"ఎందుకండీ? సగం మంది కంటే మంచిదే గదండీ?"

"మంచిదే. కానీ మీరు మందు ముట్టనివారు కాదు."

మావయ్య బల్ల మీది గొట్టం వైపు చూసి, "ఆయ్, నిజవేనండి," అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ అత్తయ్య వైపు తిరిగి చెప్పారు. "చూడమ్మా, రెండు పాపలూ అచ్చంగా ఒకేలా ఎవరికీ ఉండవు. అర మిల్లీమీటరు తేడా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా ఉంటుంది. చీకట్లో చూసినప్పుడు తేడా అర మిల్లీమీటరు గానీ, అంతకు లోపల గానీ ఉంటే, రేపు కాకినాడ అక్కర్లేదు. అమలాపురం డాక్టరుగారితో నేనే మాట్లాడతాను, నెలకోసారి ఆయనే చూస్తారు. అర దాటితే పొద్దున్న మొదటి బస్సుకి మీరు బయల్దేరండి, గొట్టం సంగతి మరిచిపోండి."

షట్టరు దించాను. సందుల్లో గోనెలు కుక్కాను. మోటార్ల మధ్య స్టూలు మీద మావయ్య, ఎదురుగా మేడం, పక్కన అత్తయ్య, వెనక నేను. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగాం. బయట ఎవరో షట్టరు తట్టి, "మిషను ఉందండీ," అన్నారు. "కడుక్కురా," అని లోపలినుంచే అరిచాడు మావయ్య.

మేడం మసక దీపం వెలిగించి ముందు ఎడమ కన్ను కొలిచారు. అయిదు అన్నారు. కార్డు కుడి కంటి దగ్గరికి తీసుకెళుతుంటే అత్తయ్య చెయ్యి చాపింది.

"నేను చూస్తానండీ."

మేడం కార్డు ఇచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించారు. కార్డు అంచున నల్లటి అర్ధచంద్రాలు వరసగా ఉంటాయి. ఏది పాపతో సరిపోతే అది కొలత. అత్తయ్య కార్డుని మావయ్య చెంపకి ఆనించి, ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో చంద్రాన్నీ జరుపుకుంటూ వచ్చింది. ఒకచోట ఆగింది. ముందుకి జరిపింది. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే ఆగింది.

"కదలకండి," అంది ఆయనతో.

"కదల్లేదే."

మేడం వంగి, అత్తయ్య వేలు ఉన్న చోటు చూసి తల ఊపారు. నేను రాసుకున్నాను. ఎడమ కన్ను అయిదు మిల్లీమీటర్లు. కుడి కన్ను నాలుగున్నర.